బిరుదు పోయిన పిల్లలు

మా పాప నాలుగో కిరీటాన్ని కూడా రబ్బరుతో చెరిపేసి, చార్టు మీద పడ్డ పొడిని అరచేత్తో పక్కకి తోసి, తలెత్తకుండానే అడిగింది.

"వీళ్ళకి ముందే చెప్పారా అమ్మా, అంతా అయిపోయాక చెప్పారా?"

నేను పప్పుకి పోపు వేస్తున్నాను. ఆవాలు చిటపటలాడుతున్నా ఆ ప్రశ్న స్పష్టంగానే వినిపించింది. అయినా "ఎవరికి?" అన్నాను. "ఈ పిల్లలకి," అంది, కిరీటాలు పోయిన బొమ్మల మీద వేలు పెట్టి.

ప్రశ్న కంటే కూడా, అది తెలుగులో రావడం నన్ను భయపెట్టింది. మా పాపకి స్కూలు సంగతులన్నీ ఇంగ్లీషులోనే నోటికొస్తాయి. లెక్కలు, లైబ్రరీ పుస్తకాలు, స్నేహితులతో తగువులు, అన్నీ. తెలుగు ఇంటికోసం దాచుకుంటుంది. కడుపునొప్పి వచ్చినప్పుడు, తమ్ముడు జుట్టు లాగినప్పుడు, పీడకల వచ్చి లేచినప్పుడు. అప్పటిదాకా డెన్మార్క్ రాజకుటుంబం గురించి ఇంగ్లీషులో గలగలా వాగుతున్న పిల్ల ఉన్నట్టుండి తెలుగులోకి వచ్చిందంటే, ఇప్పుడు అడుగుతున్నది మా ఇంటి సంగతే.

"తెలీదమ్మా. అన్నం తిన్నాక చూద్దాం," అన్నాను. పోపు మాడిపోయింది. పాప తలవంచుకుని చెరిపిన చోట చిన్న చిన్న టోపీలు గీసుకుంటూ కూర్చుంది.

ఆ ప్రశ్న ఎందుకంత భయపెట్టిందో చెప్పాలంటే, పాపకి తెలియకుండా మేమిద్దరం అనుకుంటున్న మాట చెప్పాలి. దాన్ని హైదరాబాదులో మా వదిన దగ్గరికి, అంటే మా ఆయన అక్కగారి దగ్గరికి, రెండేళ్ళపాటు పంపించాలని అనుకుంటున్నాం. జూలై సెలవుల్లో మా ఆయన తీసుకెళ్ళి దిగబెట్టి రావాలి. వదిన అక్కడి స్కూల్లో మాట్లాడి ఉంచింది కూడా.

ఇందులో దుర్మార్గం ఏమీ లేదు. మా ఆయనకి గనుల కంపెనీ వాళ్ళ సాఫ్ట్‌వేర్ పని మీద ఆస్ట్రేలియా ఆ చివరున్న పెర్త్‌కి మారవలసి వచ్చింది. నెలకోసారి, శని ఆదివారాలకి వస్తారు. నేను ఈ చివర స్కోఫీల్డ్స్‌లో, కొత్తగా కట్టిన ఇళ్ళ మధ్య కొత్తగా కట్టిన ఒక ఇంట్లో, ఇద్దరు పిల్లలతో ఉంటాను. సరిగ్గా అప్పుడే నాకు పారామట్టాలో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో ఉద్యోగం వచ్చింది. ఈ దేశం వచ్చాక నాకు దొరికిన మొదటి ఉద్యోగం, జూలై సెలవులయ్యాక చేరాలి. పొద్దున్నే మొదలవుతుంది. తెల్లవారకుండానే ఇంట్లోంచి బయటపడాలి. బాబుకి ఇబ్బంది లేదు, వాడింకా స్కూలు వయసుకి రాలేదు, వాడి చైల్డ్‌కేర్ పొద్దున్నే తెరుస్తారు. పాప స్కూల్లో బడి వేళలకి ముందూ వెనకా పిల్లల్ని చూసుకునే చోట ఖాళీ లేదు. పేరు రాసుకుని, ఎప్పుడు వస్తుందో చెప్పలేమన్నారు.

పాప హైదరాబాదులో పుట్టింది. రెండేళ్ళ పిల్లగా చంకనెక్కి ఇక్కడికి వచ్చింది. బాబు ఇక్కడే పుట్టాడు, అప్పటికి మాకు పీఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే హక్కు, ఉంది కాబట్టి వాడు పుట్టుకతోనే ఆస్ట్రేలియా పౌరుడు. మా ముగ్గురివీ మూడు సింహాల పాస్‌పోర్టులు, వాడొక్కడిదీ కంగారూ, ఈమూ ఉన్నది. "పాపకైతే ఏ గొడవా లేదు," అన్నారు మా ఆయన ఫోన్‌లో. "ఇండియన్ పాస్‌పోర్టే కదా, వెళ్ళి స్కూల్లో చేరిపోవడమే. వాడినైతే పంపాలన్నా సవాలక్ష కాగితాలు. అయినా అక్క దగ్గర అది రాణిలా ఉంటుందే." ఆ మాటలో నాకు అప్పుడు తప్పేమీ కనిపించలేదు. ఇంకా ఊరటగా అనిపించింది కూడా. ఎక్కాలు వస్తాయి, తెలుగు చదవడం వస్తుంది, అత్త గోరుముద్దలు తినిపిస్తుంది అనుకున్నాను. పాపకి చెప్పడం మాత్రం టికెట్లు కొన్నాక అనుకున్నాం. ముందే చెప్తే ఏడుస్తుంది, చదువు మీద ధ్యాస పోతుంది, ఎందుకు అని.

వాళ్ళ టీచరు సరిగ్గా ఆ రోజుల్లోనే ఈ చార్టు పని ఇచ్చాడు. రాజు గానీ రాణి గానీ ఇంకా ఉన్న చిన్న దేశాలు పిల్లలకి తలా ఒకటి. ఆ కుటుంబానికి డబ్బు ఎక్కడినుంచి వస్తుంది, బిరుదులు ఎవరికి వస్తాయి, ఏ ఆచారాలు పాటిస్తారు అన్న మూడు సంగతులూ చెప్పాలి. చివర్లో పెద్దవాళ్ళని పిలుస్తారు, పిల్లలు చార్టు పట్టుకుని మాట్లాడతారు. మా పాపకి డెన్మార్క్ వచ్చింది. దాని స్నేహితురాలికి మొనాకో వచ్చిందని ఒకరోజంతా ఏడ్చింది, మొనాకోలో కార్ల పందేలు ఉంటాయట.

నేను పొలిటికల్ సైన్స్‌లో ఎం.ఏ. చేశాను. ఆ చదువు ఈ దేశంలో ఎవరికీ అక్కర్లేకపోయింది, నాకు కూడా చాలాకాలంగా అక్కర్లేదు. పాప పక్కన కూర్చుని ఆ దేశపు సంగతులు చదువుతుంటే మాత్రం పాత ఉత్సాహం వచ్చింది. రాజభరణం అనే మాట దానికి నేర్పాను. మన దేశంలో సంస్థానాల రాజులకి ప్రభుత్వం ఏటా భరణం ఇచ్చేదని, తరవాత భరణాలూ బిరుదులూ ఒకేసారి తీసేశారని, అది మాకు పరీక్షలో తప్పకుండా వచ్చే ప్రశ్న అని చెప్పాను. "తీసేస్తే రాజులు ఏం చేశారు?" అంది. కొందరు ఎన్నికల్లో నిలబడ్డారని, కొందరు కోటల్ని హోటళ్ళు చేసుకున్నారని చెప్తే చాలాసేపు నవ్వింది.

డెన్మార్క్‌లో అలా ఒక్కసారిగా తీసెయ్యలేదు. నెమ్మదిగా, మర్యాదగా తగ్గించుకుంటూ వచ్చారు. అక్కడి పార్లమెంటు రాజకుటుంబానికి ఏటా ఇంత అని ఇస్తుంది. కుటుంబం పెరిగేకొద్దీ, ఇంతమందికి ప్రజల డబ్బు ఎందుకు అనే మాట వస్తుంది. అందుకని మనవళ్ళూ మనవరాళ్ళలో పెద్దవాడొక్కడికే, రాబోయే రాజుకి, పెద్దయ్యాక భరణం ఉంటుందని ముందే అనుకున్నారు. మిగతావాళ్ళు ఎవరి సంపాదన వాళ్ళు చూసుకోవాలి. అక్కడితో ఆగలేదు. కొన్నేళ్ళకి, అప్పటి రాణిగారు చిన్నకొడుకు పిల్లలు నలుగురికీ రాకుమారుడు, రాకుమారి అనే బిరుదులు తీసేశారు. ఫలానా జనవరి ఒకటి నుంచి వాళ్ళు కౌంట్లు, కౌంటెస్, అంటే రాకుమారుల కంటే చిన్న హోదా, అంతే. బిరుదు బరువు లేకుండా వాళ్ళ జీవితాలు వాళ్ళు స్వేచ్ఛగా మలుచుకోవాలని, వాళ్ళ మంచికేనని చెప్పారు.

పాప మొదట చార్టు మీద గీసిన వాళ్ళ వంశవృక్షంలో అందరికీ బంగారు రంగు కిరీటాలు వేసింది. ఈ సంగతి చదివాక, నాలుగు చెరపడానికి కూర్చుంది. అప్పుడే ఆ ప్రశ్న అడిగింది.

దానికి ఎలా తెలిసిందో నేను ఊహించడానికి ఎక్కువసేపు పట్టలేదు. అంతకు ముందు ఆదివారం వదిన వీడియో కాల్ చేసింది. నేను బట్టలు ఆరేస్తూ ఫోన్ పాపకి ఇచ్చాను. తిరిగి వచ్చేసరికి ఫోన్‌లో ఒక గది కనబడుతోంది. కొత్త మంచం, కిటికీ పక్కన చదువుకునే బల్ల. వదిన గొంతు ముద్దుగా వినిపిస్తోంది. "కర్టెన్స్ ఏ కలర్ కావాలే బంగారం? ఇది నీ గదే, నువ్వే చెప్పాలి." పాప మర్యాదగా "బ్లూ, అత్తా" అంది. నేను ఫోన్ లాక్కున్నంత పని చేసి, వదినకి కళ్ళతో సైగ చేశాను. ఆవిడకి అర్థమై నాలిక కరుచుకుంది. పాపకి మేం ఎప్పుడో చెప్పేసి ఉంటామని అనుకుందట. పాపం ఆవిడ తప్పేముంది. "సెలవుల్లో వెళ్తాం కదా, అందుకని," అని పాపతో అన్నాను. పాప సరే అని వెళ్ళి తమ్ముడితో ఆడుకుంది. పోనీలే, అనుమానం రాలేదనుకున్నాను.

అనుమానం రాని పిల్ల అలా అడగదు.

ఆ వారం నా బుర్ర నా స్వాధీనంలో లేదు. మామూలుగానే నేను కంగారు మనిషిని. తలుపు గడియ వేశానో లేదో లేచి మళ్ళీ చూసుకుంటాను, పిల్లలు దగ్గితే ఇంటర్నెట్‌లో వెతికి లేనిపోని జబ్బులన్నీ తెలుసుకుంటాను. ఈసారి వెతకడానికి ఏమీ లేదు. పిల్ల బాగానే తింటోంది, నిద్రపోతోంది, స్కూలుకి వెళ్తోంది. కాకపోతే మరీ మంచిదైపోయింది. ఎన్నడూ లేనిది తన కంచం తనే సింకులో పెడుతోంది. తమ్ముడికి షూ వేస్తోంది. ఒకరోజు స్కూలు నుంచి వచ్చి, "నేను ఇంట్లో ఒక్కదాన్నే ఉండగలను అమ్మా, తాళం వేసుకుని. నేను ఏడవను," అంది. తొమ్మిదేళ్ళ పిల్లని అలా ఉంచకూడదమ్మా అన్నాను. "నాకు త్వరలో టెన్ వస్తుంది," అంది. తన పనితనం చూపించి ఉద్యోగం నిలబెట్టుకోవాలనుకునే మనిషిలా ఉంది దాని వాలకం.

చెప్పుకోవడానికి మనుషులు కూడా లేరు. మా వీధిలో అందరూ మనలాంటివాళ్ళే, తెలుగువాళ్ళు, పంజాబీలు, నేపాలీలు. సాయంత్రం కారు రాగానే గరాజ్ తలుపు దానంతటదే లేస్తుంది, కారు లోపలికి పోతుంది, తలుపు దిగుతుంది. మనుషులు కనిపించరు. బుధవారం రాత్రి చెత్తడబ్బాలు బయట పెట్టేటప్పుడు ఒకరికొకరు చెయ్యి ఊపుతాం. తెలుగు సంఘం వాట్సప్‌లో చెప్పుకుంటే ఆ మాట వదిన చెవిన పడేదాకా ఆగదు. మా అమ్మతో చెప్తే, "అత్త దగ్గరికే కదే, పరాయివాళ్ళ దగ్గరికా," అంటుంది. అందుకే రాయడం మొదలుపెట్టాను, పిల్లలు పడుకున్నాక, వంటింటి గట్టు మీద లాప్‌టాప్ పెట్టుకుని. ఇదీ అలా రాస్తున్నదే.

చార్టు పని మాత్రం సాగింది. ఆచారాల దగ్గరికి వచ్చేసరికి బాబు కూడా చేరాడు. డెన్మార్క్‌లో డిసెంబరు ముప్ఫై ఒకటిన అందరూ టీవీ ముందు కూర్చుని రాజుగారి మాటలు వింటారు. అర్ధరాత్రి గంట కొట్టగానే కుర్చీల మీదా సోఫాల మీదా నిలబడి కొత్త సంవత్సరంలోకి దూకుతారు. ఇది విన్నప్పటినుంచి బాబు సోఫా ఎక్కి దూకుతూనే ఉన్నాడు. దూకినప్పుడల్లా "హ్యాపీ న్యూ ఇయర్ అక్కా!" అని అరుస్తాడు. అక్కడ పుట్టినరోజు వస్తే, రాజుకైనా మామూలు మనిషికైనా, బల్ల మీద చిన్న చిన్న జెండాలు పెడతారని చదివి పాప అగ్గిపుల్లలకి ఎర్ర కాగితం అంటించింది.

ఒక సాయంత్రం చదువుతూ చదువుతూ, "అమ్మా, రాణి సారీ చెప్పింది," అంది. నిజమే, పిల్లలు బాధపడ్డారని తెలిశాక రాణిగారు విచారం వెలిబుచ్చారని ఒకచోట రాశారు. "చెప్పిందా, మంచిదే కదా," అన్నాను. పాప కింది దాకా చదివింది. "బట్ షి డిడింట్ గివ్ ఇట్ బ్యాక్." కాసేపటికి మళ్ళీ తెలుగులో, "మరి సారీ ఎందుకు?" అంది.

నేను చెప్పబోయాను. పెద్దవాళ్ళకి కొన్ని ఇబ్బందులు ఉంటాయని, అందరి మంచీ చూసుకోవాలని, ఆ పిల్లలకి ఇల్లూ తిండీ చదువూ ఏవీ పోలేదని. నోటిదాకా వచ్చిన ప్రతి మాటా పాపతో టికెట్లు కొన్నాక చెప్పడానికి నేను మనసులో రాసి పెట్టుకున్న మాటే.

బుధవారం పొద్దున స్కూలు లైబ్రరీలో పిల్లల ప్రసంగాలు. తల్లులూ తండ్రులూ గోడ వెంబడి చిన్నపిల్లల కుర్చీల్లో మోకాళ్ళు ముడుచుకుని కూర్చున్నారు. నా పక్కన బాబు. నార్వే అయ్యింది, లక్సెంబర్గ్ అయ్యింది, మొనాకోకి చప్పట్లు బాగా పడ్డాయి. మా పాప లేచి చార్టు బోర్డుకి తగిలించింది. డబ్బు గురించి చెప్పింది, పార్లమెంటు ఏటా ఇస్తుందని, ఆ లెక్క ఎవరైనా చూడొచ్చని, పెద్ద మనవడికే తప్ప మిగతావాళ్ళకి ఉండదని. దూకడం గురించి చెప్తుంటే బాబు కుర్చీ ఎక్కబోయాడు, పట్టుకుని కూర్చోబెట్టాను. బిరుదుల దగ్గర దాని గొంతు కొంచెం తగ్గింది. టోపీలు పెట్టిన నలుగురినీ చూపించి, వాళ్ళు డిసెంబరు ముప్ఫై ఒకటిన రాకుమారులని, మర్నాటికి కాదని చెప్పింది.

ముందు వరసలో ఒక కుర్రాడు చెయ్యెత్తి, "ఆర్ దే పూర్ నౌ?" అని అడిగాడు. అందరూ నవ్వారు.

"నో," అంది పాప. అది నవ్వలేదు. వాళ్ళకి ఇల్లు ఉంది, స్కూలు ఉంది, వాళ్ళ అమ్మానాన్నలు ఉన్నారు అని ఒక్కొక్కటే చెప్పుకొచ్చింది. కొంచెం ఆగింది. "జస్ట్, నోబడీ ఆస్క్‌డ్ దెమ్."

టీచరు బాగుందని మెచ్చుకుని, అలా తియ్యడం న్యాయమేనంటావా అని అడిగాడు. పాప ఆలోచించింది. డబ్బు తగ్గించడం న్యాయమేనని, అందరికీ ఇవ్వలేరు కదా అని చెప్పింది. తరవాత అన్న మాట నాకు ఇప్పటికీ దాని గొంతుతోనే వినిపిస్తుంది. "కానీ ఇది నీ మంచికే అని ఎవరైనా అంటే, అప్పటికే డిసైడ్ అయిపోయారని అర్థం." అది ఇంగ్లీషులో చెప్పింది, నేను తెలుగులో రాస్తున్నాను. అంటూ అది నావైపు చూడలేదు. చూసి ఉంటే నాకు కొంత తేలికగా ఉండేదేమో. చార్టు జాగ్రత్తగా చుట్టుకుని, రబ్బరు బ్యాండు వేసుకుని, వచ్చి తన చోట కింద కూర్చుంది. చుట్టూ చప్పట్లు కొడుతున్నారు. నేనూ కొట్టాను.

ఆ సాయంత్రం పిల్లలకి టీవీ పెట్టి, నేను గరాజ్‌లోకి వెళ్ళి లోపలి తలుపు వేసుకున్నాను. మా ఇంట్లో మాట వినపడని చోటు అదొక్కటే. ఇంకా విప్పని అట్టపెట్టెలు, పిల్లల సైకిళ్ళు, కారు. అక్కడి లైటు మనిషి కదలకపోతే ఆరిపోతుంది, మధ్యమధ్యలో చెయ్యి ఊపుతుండాలి. పెర్త్‌లో ఇంకా వెలుగుంది, మా ఆయన అప్పుడే పని నుంచి బయటికి వచ్చారు. వెనకాల ఏవో లారీల చప్పుడు.

స్కూల్లో జరిగింది చెప్పాను. ఆయన ముందు మురిసిపోయారు, భలే మాట్లాడిందే అని. తరవాత నేను అసలు సంగతి చెప్పాను.

"అది వెళ్ళదండీ. పంపొద్దు."

"ఏమైంది ఇప్పుడు? అంతా అనుకున్నాం కదా."

"మనం అనుకున్నాం. దాన్ని అడగలేదు."

"తొమ్మిదేళ్ళ పిల్లని ఏం అడుగుతామే? రేపు పళ్ళ డాక్టర్ దగ్గరికి వెళ్తావా అని అడిగితే వెళ్తానంటుందా?"

"అడిగితే వద్దంటుందని మనకి తెలుసు కాబట్టే అడగలేదు. దానికి అంతా తెలుసు. తెలిసి, కంచాలు తీస్తోంది. మనకి బరువు కాకూడదని చూస్తోంది."

లైటు ఆరిపోయింది. చెయ్యి ఊపాను, వెలిగింది.

ఆయన కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది, నాకూ ఒక కోపం ఉండేది. అలసిపోయిన గొంతుతో నా ఉద్యోగం సంగతేమిటని అడిగారు. వాళ్ళతో మాట్లాడి కాస్త ఆలస్యంగా మొదలయ్యే షిఫ్ట్ అడుగుతానన్నాను. ఇవ్వకపోతే? ఇవ్వకపోతే మానేస్తాను, ఇంకోటి చూసుకుంటాను. "ఎన్నేళ్ళు ఎదురుచూశావే దానికోసం," అన్నారు. తెలుసన్నాను. అక్కకి ఏం చెప్పాలి, గదికి రంగులు కూడా వేయించింది అన్నారు. వదినకి నేను చెప్తానన్నాను.

అప్పుడు ఒక మాట అన్నారు, మెల్లగా, నన్ను నొప్పించాలని కాదు. "ఒక్కటి అడగనా? నువ్వు అక్కడ ఒక్కదానివే ఉండలేక దాన్ని అట్టేపెట్టుకుంటున్నావా?"

గోడకి ఆనుకుని నిలబడ్డాను. తలుపు అవతల బాబు సోఫా మీంచి దూకిన చప్పుడు, పాప వాణ్ణి మందలించడం వినిపిస్తున్నాయి. నిజం చెప్పాలంటే, రోజు మొత్తంలో నాతో నా భాషలో మాట్లాడే మనిషి ఆ పిల్ల ఒక్కతే. సాయంత్రం స్కూలు గేటు దగ్గర దాని తల కనిపించేదాకా నేను ఎవరితోనూ మాట్లాడని రోజులు ఉన్నాయి.

"అది కూడా ఉంది," అన్నాను. "లేదని చెప్పను. కానీ అందుకోసం ఆపడం లేదు. వాడు ఇక్కడివాడు కాబట్టి వాణ్ణి ఉంచి, ఇది అక్కడిది కాబట్టి దీన్ని పంపామని అది అనుకుంటుంది. రెండేళ్ళయ్యాక తిరిగి వచ్చినా అదే అనుకుంటుంది. మీరు పాస్‌పోర్ట్ మాట సుళువు కోసమే అన్నారు, నాకు తెలుసు. దానికి అలా వినిపించదు."

లైటు మళ్ళీ ఆరింది. ఈసారి నేను చెయ్యి ఊపలేదు, చీకట్లోనే నిలబడ్డాను.

"సరే," అన్నారు చివరికి. "నాకూ అది వెళ్తుందంటే లోపల ఎలాగో ఉందిలే. దానికి ఫోనివ్వు, నేను చెప్తాను."

"వద్దు. ఇప్పుడు చెప్తే రాత్రంతా ఆలోచిస్తుంది. పొద్దున నేనే చెప్తాను."

ఆ రాత్రి ఆలోచిస్తూ పడుకున్నది నేనే. ఒప్పుకున్నారన్న సంతోషం నాకు రాలేదు. మా ఇంట్లో ఒక పెద్ద సంగతి నేను ఒక్కదాన్నే తేల్చడం అదే మొదలు. తేలాక పక్కన ఎవరూ లేరు. తప్పు చేశానేమో అని అడగడానికి కూడా లేరు.

మర్నాడు పొద్దున వంటింటి గట్టు దగ్గర ఇద్దరూ ఎత్తు స్టూళ్ళ మీద కూర్చుని పాలలో సీరియల్ తింటున్నారు. బయట చెత్తబండి వచ్చి డబ్బాలు ఎత్తి కుమ్మరిస్తోంది, ఆ చప్పుడు పోయేదాకా ఆగాను. లంచ్ బాక్సులు మూతపెట్టి వాళ్ళకి ఎదురుగా నిలబడ్డాను. ఎలా మొదలుపెట్టాలో ఎంతసేపు ఆలోచించుకున్నా, తీరా అప్పటికి గుర్తు రాలేదు. ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

"నిన్ను హైదరాబాదు పంపించాలని నాన్నా నేనూ అనుకున్నాం. రెండేళ్ళు అత్త దగ్గర ఉంచాలని. నీకు చెప్పకుండా అనుకున్నాం. ఇప్పుడు వద్దనుకున్నాం. నువ్వు వెళ్ళడం లేదు."

పాప స్పూను గిన్నెలో పెట్టింది. "ఐ న్యూ," అంది. ఏడుస్తుందనుకున్నాను, ఏడవలేదు. "ఎందుకు వద్దనుకున్నారు?" అని తెలుగులో అడిగింది.

"నువ్వు ఇక్కడ మాతో ఉండాలి కాబట్టి. నువ్వూ తమ్ముడూ ఒక ఇంట్లో పెరగాలి కాబట్టి."

బాబు నన్నూ అక్కనీ మార్చి మార్చి చూశాడు. "నేను వెళ్తున్నానా?" అన్నాడు పాల మూతితో. ఎవరూ వెళ్ళడం లేదురా అన్నాను. వాడు కొంచెం నిరాశపడ్డాడు, విమానం ఎక్కొచ్చనుకున్నాడు.

"మరి నీ జాబ్?" అంది పాప.

నాకు తెలీదని చెప్పాను. ఈరోజు ఆఫీసుకి ఫోన్ చేసి అడుగుతాను, వాళ్ళు ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు, ఏమన్నా సాయంత్రం నీకు చెప్తాను అన్నాను. ఇకమీదట నీ గురించి ఏం అనుకున్నా ముందు నిన్ను అడుగుతామన్నాను. నువ్వు చెప్పినట్టే చేస్తామని కాదు, కానీ అడుగుతాం. అది తల ఊపింది. దానికి ఆ తేడా అర్థమైనట్టే ఉంది.

వాళ్ళ జాకెట్లు తీస్తూ చివరగా పాపకి ఇంకొకటి చెప్పాను. "ఏ ఉద్యోగమైనా పొద్దున్నే చీకట్లో లేవాల్సి రావచ్చు. నేను కొన్నాళ్ళు విసుక్కుంటాను, అరుస్తాను, మీ ఇద్దరి మీదా. అప్పుడు నన్ను చూసి, నువ్వు వెళ్ళిపోయి ఉంటే బాగుండేదని అమ్మ అనుకుంటోందని మాత్రం అనుకోకు. అనుమానం వస్తే నన్ను అడుగు."